చొక్కా పట్టుకునే చెయ్యి

మారికుప్పం నుంచి బెంగళూరు పోయే పొద్దుటి రైల్లో కుర్రవాళ్లు ఫోన్ చుట్టూ మూగి గలాటా చేస్తున్నారు. ఏదో పరాయి దేశపు ఫుట్‌బాల్ మ్యాచ్. ఒకడు బంతితో తప్పించుకుని పరుగెత్తుతున్నాడు. వెనకనున్న డిఫెండర్ వాడి చొక్కా మెడ దగ్గర పట్టి గుంజి పడేశాడు. రెఫరీ పసుపు కార్డు చూపించాడు. ఇంత అన్యాయానికి ఎరుపు ఇచ్చి బయటికి పంపొద్దా అని సగం మంది, రూలు ప్రకారం పసుపే అని సగం మంది. బంగారుపేట దాటినా తేలలేదు. చివరికి ఒకడు నా వైపు తిరిగాడు.

"అన్నా, నువ్వు గోలీగా ఆడినోడివి గదా. నువ్వు చెప్పు, ఎరుపా పసుపా?"

"ఎరుపు," అన్నాను.

"యెందుకన్నా?"

నేను ఇలాంటి చోట నోరు మూసుకునే రకం కాదు. ఫుట్‌బాల్ మాట వస్తే పక్కవాడి స్టేషన్ దాటిపోయినా వదలను. ఆ రోజు మాత్రం కిటికీ వైపు తిరిగాను. ఆ పని మా ఊళ్లో అందరికన్నా బాగా చేసిన మనిషి పోయిన వానాకాలంలో చనిపోయాడు. ఫోన్‌లో వాడు చేసింది మోటు పని. మా ఊరాయన అయితే అంత మోటుగా చేసేవాడు కాదు.

ఆయన మా గని కూలీల ఇళ్ల లైన్ జట్టుకు స్టాపర్, అంటే గోలుకు ముందు నిలబడే ఆఖరి డిఫెండర్. ఆయన వెనక నేను గోలీని. అందుకే నాకు ఆయన ముఖం కన్నా వీపు బాగా తెలుసు. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉండేది. బంగారు గని నడిచినన్నాళ్లు భూమి లోపల దుంగలు మోసిన భుజం అది. తవ్విన చోట పైనున్న రాయి కూలకుండా కట్టెలు నిలబెట్టి బిగించడం ఆయన పని. గని మూతపడ్డాక బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. నేను అక్కడే ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. వారమంతా ఒకే రైలు. ఆదివారం పొద్దున ఆయన చర్చికి పోయి, అదే తెల్లచొక్కాతో నేరుగా గ్రౌండుకు వచ్చేవాడు. ఆ చొక్కా విప్పి, మడత నలగకుండా గోలు స్తంభం పక్కన పెట్టి, నా వైపు వేలు చూపించి, "చూసుకోప్పా," అనేవాడు. గోలు చూసుకోమనేవాడో చొక్కా చూసుకోమనేవాడో నాకు ఏనాడూ అర్థం కాలేదు.

ఆయన ఎవరి కాలూ కొట్టినవాడు కాదు. మోకాలు, మోచెయ్యి వాడినవాడు కాదు. "కాలు అన్నం పెట్టేదప్పా. చొక్కాదేముండాది, అంగట్లో దొరుకుతాది," అనేవాడు. ఎదుటి జట్టువాడు మా వాళ్లందరినీ దాటుకుని వచ్చేస్తున్నాడంటే ఈయన వాడి పక్కనే నాలుగడుగులు పరుగెత్తేవాడు. ఏదో మాట్లాడడానికి పోతున్నట్టే ఉండేది. తర్వాత చెయ్యి చాచేవాడు. అంతే, చొక్కా గుప్పిట్లో ఉండేది. అది కూడా గోలు దాకా రానిచ్చి కాదు, నడి గ్రౌండు దగ్గరే. గోలు దగ్గర పడేస్తే ఎరుపు ఇస్తారు. అంత దూరంలో పడేస్తే పసుపే. ఈ లెక్క ఆయనకు బాగా తెలుసు.

పడేశాక ఆయన మర్యాద చూడాలి. పడినవాణ్ణి తానే లేపేవాడు. మన్ను దులిపేవాడు. "దెబ్బ తగిలిందా నాయనా?" అని అడిగేవాడు. రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకోకముందే చెయ్యి ఎత్తి, బనియన్ నిక్కర్లోకి దోపుకుని, చేతులు వెనక కట్టుకుని నిలబడేవాడు. రెఫరీలు కూడా సిగ్గుపడుతున్నట్టు కార్డు చూపించేవాళ్లు. మ్యాచ్‌కు ఒక్కటే. రెండోది తీసుకున్న రోజు లేదు. ఆట అయిపోయాక సంచిలోంచి సూదీ దారం తీసి, ఆ చిరిగిన చొక్కా వాడి దగ్గర ఇప్పించుకుని, గ్రౌండు గట్టు మీద కూర్చుని కుట్టి ఇచ్చేవాడు. ఆ కుట్టు చూసినవాళ్లు దర్జీ పని అనుకునేవాళ్లు. ఈ ఊళ్లో ఆయన కుట్టిన చొక్కాలు వేసుకుని తిరిగినవాళ్లు చాలామంది ఉన్నారు.

జనానికి ఇది ముద్దుగా ఉండేది. నాకు ఒళ్లు మండేది.

ఎందుకంటే గోలీని నేను. ఆయన చెయ్యి చాచిన ప్రతిసారీ, వెనక నేనొకణ్ణి ఉన్నానన్న సంగతి ఆయనకు లెక్కలో లేనట్టే గదా. వాణ్ణి రానిస్తే నేను ఆపలేనా? చేతులకు ఆ తొడుగులు సుమ్నే, ఊరికే షోకుకు వేసుకున్నానా? ఈ మాట రైల్లో ఎన్నోసార్లు అడిగాను. కిటికీ పక్కన కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న రాగి సంకటి ముద్ద విప్పుతూ ఆయన ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు.

"రాయి పడకముందే కట్టె పెట్టల్లప్పా. పడినాక కట్టె దేనికి, శవం పెట్టె చేసేదానికా?"

"బంతి రాయి కాదన్నా."

"వచ్చేటప్పుడు రెండూ ఒకటే."

"ఇట్ల పట్టుకునేవాళ్లకి ఎరుపు ఇచ్చి తరమల్ల. అప్పుడు తెలుస్తాది నీకి."

"రూలులో పసుపే ఉండాది గదా. రూలు రాసినోళ్లు చదువుకున్నోళ్లేనప్పా," అని ఉల్లిపాయ నంజుకునేవాడు.

"రూలు సంగతి కాదు. నువ్వు నన్ను నమ్మవు. అది చెప్పు."

ఒకసారి ఇలాగే నేను గట్టిగా అరిచాను. రైలు పెట్టెలో పేకాడుకునేవాళ్లు కూడా ముక్కలు దించి చూశారు. ఆయన సంకటి చెయ్యి కడుక్కుని తుడుచుకున్నాడు. తర్వాత నాకు మాత్రమే వినబడేలా చెప్పాడు.

"గని లోపల నేనూ, నా కింద పనిచేసే పిల్లోడూ ఇద్దరమే ఉంటిమి. పైరాయి కూలేట్టు పలుకుతా ఉండె. 'నువ్వు పోన్నా, ఇది నేను చూసుకుంటా' అన్నాడు వాడు. నేను పోతిని. వెనకాల రాయి పడిన సద్దు వింటిని."

ఆ తర్వాత ముద్ద తెచ్చిన గుడ్డ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అయినా నా కోపం పోలేదు. జాలి వేసినంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడా లేదు. గనిలో ఏదో జరిగిందని పైన ఎండలో బంతి ఆడుకునేవాణ్ణి కాపాడడం ఏం న్యాయం అని మనసులో అనుకుంటూనే ఉన్నాను.

ఆ ఏడాది ఎండాకాలం మా గ్రౌండులో టోర్నమెంటు. ఫైనల్ మాకూ బంగారుపేట జట్టుకూ. వాళ్ల వైపు మునిరాజు అని ఒక ఫార్వర్డ్ ఉండేవాడు. కామసముద్రం దగ్గర పల్లె వాడిది. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. పన్నెండో క్లాసుతో చదువు ఆపేశాడు. బంతి కాలికి తగిలితే మాత్రం వాణ్ణి పట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఆ ఫైనల్ చూడడానికి బెంగళూరులోని ఒక ఫ్యాక్టరీ జట్టు కోచ్ వస్తున్నాడని, మునిరాజు నచ్చితే జట్టులోకి తీసుకుంటాడని, జట్టులో చేరితే ఫ్యాక్టరీలో పర్మనెంటు ఉద్యోగమని రెండు ఊళ్లలోనూ తెలుసు. సాయంత్రం రైలుకు కోచ్ వెళ్లిపోతాడు. ఆలోపల వాడేదో ఒకటి చేసి చూపించాలి.

మ్యాచ్‌కు ముందు మేం బూట్లు కట్టుకుంటుంటే మునిరాజు నాన్న మా వైపు వచ్చాడు. పంచె, మెడలో తువ్వాలు, చేతిలో చెప్పులు. గుళ్లోకి వచ్చినట్టు గ్రౌండులోకి చెప్పులు విప్పి వచ్చాడు. ఎవరినో అడిగి నేరుగా మా స్టాపర్ ముందు నిలబడ్డాడు.

"అప్పా, నాకీ ఆట తెలీదు. నా కొడుకు చెప్పినాడు. నువ్వు శానా మంచోడివంట. కాళ్లు కొట్టవంట."

"కొట్టనప్పా. నీ కొడుకు కాళ్లకి నాది హామీ."

"కాళ్ల సంగతి కాదప్పా. ఈ ఒక్క దినం వాడి చొక్కా పట్టుకోవద్దు. బంతి పట్టుకో, నీకి చాతనైతే లాక్కో. వాడికి రాకపోతే రాలేదని పోతాడు. చొక్కా మాత్రం పట్టుకోవద్దప్పా."

మా కెప్టెన్‌కు చిర్రెత్తింది. "పెద్దాయనా, ఇది ఫైనలు. ఇక్కడికొచ్చి ఇవన్నీ మాట్లాడకూడదు," అన్నాడు. మా స్టాపర్ తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"ఆటలో ఈ చెయ్యి నా మాట వినదప్పా," అన్నాడు. "చూస్తాను. మాట మాత్రం ఇయ్యను."

పెద్దాయన దండం పెట్టి పోయాడు. ఆ దండం మా అందరికీ ఇబ్బందిగా అనిపించింది.

మొదటి సగమంతా నేను బంతిని చూడడం కన్నా ఆ చెయ్యినే ఎక్కువ చూశాను. మునిరాజు మలుపు తిరిగినప్పుడల్లా అది ముందుకు పోయేది, వేళ్లు విచ్చుకునేవి, మళ్లీ ముడుచుకునేవి. ఆయన దాన్ని నిక్కరుకు తుడుచుకునేవాడు. రెండుసార్లు మునిరాజు ఆయన్ని దాటబోయాడు. రెండుసార్లూ ఆయన కాలితోనే బంతి లాక్కున్నాడు. ఆ వయసులో అంత శుభ్రంగా ఆడగలడని నాకు తెలియదు. కాని ఆ శుభ్రమైన ఆటే మునిరాజు పీకల మీదికి వచ్చింది. వాడు చూపించడానికి ఏమీ మిగల్లేదు. సున్నా సున్నా. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కోచ్ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. కుర్చీ వెనకాల మునిరాజు నాన్న నిలబడి ఉన్నాడు. ఎవరు ఏం చేసినా ఆయన కోచ్ ముఖమే చూస్తున్నాడు.

రెండో సగం చివరికి వచ్చింది. కోచ్ లేచి బ్యాగు భుజానికి వేసుకున్నాడు. మాకు కార్నర్ వచ్చింది. కప్పు మాదే అన్న ఆశతో మా వాళ్లంతా వాళ్ల గోలు ముందుకు పోయారు. వెనక నడి గీత దగ్గర మా స్టాపర్, రైట్ బ్యాక్ ఇద్దరే మిగిలారు. వాళ్ల డిఫెండరెవడో తలతో బంతిని బయటికి కొట్టాడు. అది నేరుగా మునిరాజు దగ్గరికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే నేల అదిరింది.

ఈ ఊరివాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గని లోపల రాయి తన బరువుకు తానే పేలితే పైన ఊరంతా ఒక్క కుదుపుతో అదురుతుంది. గని నడిచే రోజుల్లో అలా అదిరిందంటే ఎవరు ఏం చేస్తున్నా ఆపి, గనిలోకి దిగే బావి, ఆ షాఫ్ట్ వైపు తిరిగేవాళ్లు. సైరన్ మోగుతుందేమోనని చెవులు రిక్కించేవాళ్లు. మోగితే ఆడవాళ్లు పొయ్యి మీద అన్నం అలాగే వదిలి షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తేవాళ్లు. గని మూసి, లోపల నీళ్లు నిండాక కూడా అప్పుడప్పుడు అదురుతూనే ఉంది. లోపల మనిషి లేడు, సైరన్ లేదు. అయినా అందరం ఆగుతాం, అటే తిరుగుతాం. గనిలోకి ఒక్కనాడూ దిగని నాలాంటివాడు కూడా ఆగుతాడు. మా ఇళ్లలో నడక నేర్చుకున్న పిల్లవాడికి ఇది కూడా వస్తుంది.

గ్రౌండంతా ఆగిపోయింది. మావాళ్లు, రెఫరీ, లైన్స్‌మన్, గట్టు మీద జనం, అందరి తలలూ తుప్పు పట్టిన ఆ షాఫ్ట్ టవర్ వైపే. ఈలలు, కేకలు అన్నీ ఒక్కసారిగా పోయాయి. నేను కూడా బంతికి వీపు పెట్టి నిలబడ్డాను. ఆ నిశ్శబ్దంలో ఒక్క మనిషి పరుగెత్తే చప్పుడు వినబడింది.

మునిరాజుది కామసముద్రం వైపు పల్లె. వాడికి నేల అదరడమంటే నేల అదరడమే. ఎందుకాగాలో వాడికి తెలియదు. బంతి కాలి దగ్గర ఉంది, ఎదురుగా దారి ఉంది, పరుగెత్తాడు. నేను తిరిగి చూసేసరికి నడి గీత దాటేశాడు. మా రైట్ బ్యాక్ వాడి పక్కనే గుంజలా నిలబడి టవర్ చూస్తున్నాడు. నేను గోలు మధ్యలో కూడా లేను. అప్పుడు గుడ్డ చిరిగిన చప్పుడు వినబడింది.

మునిరాజు బోర్లా పడ్డాడు. బంతి దొర్లుతూ బయటికి పోయింది. మా స్టాపర్ చేతిలో పచ్చ గుడ్డ ముక్క ఉంది. గట్టు మీద కోచ్ నిలబడి చూస్తున్నాడు. మొదటిసారి మా స్టాపర్ పడినవాణ్ణి లేపలేదు. చెయ్యి చాచలేదు, మన్ను దులపలేదు. ఆ గుడ్డ ముక్కనే చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత గలాటా మొదలైంది. బంగారుపేట వాళ్లు ఎరుపు ఎరుపు అని అరుస్తూ రెఫరీ మీదికి వచ్చారు. రెఫరీ రిటైరైన డ్రిల్లు మాస్టారు. వాళ్ల నాన్న కూడా గనిలో పనిచేసినవాడే.

"నేల అదిరింది గదప్పా! అందరమూ నిలిచిపోతిమి. ఆట ఆగినట్టే. కార్డు లేదు ఏమీ లేదు. బంతి కింద వేసి మళ్లీ మొదలుపెడదాం," అన్నాడాయన.

"కరెక్టు సార్, కరెక్టు!" అని మా కెప్టెన్ అందరికన్నా గట్టిగా అన్నాడు. మేమందరం అన్నాం. అందులో అబద్ధం లేదు కూడా. మేం నిజంగానే ఆగాం. ఆ మాటతో అంతా సర్దుకుపోయేది. కప్పు మాదే అయ్యేదేమో. మా స్టాపర్ నోరు మూసుకుంటే చాలు.

మునిరాజు లేచి కూర్చున్నాడు. వీపు మీద చొక్కా మెడ నుంచి నడుము దాకా చీలిపోయి ఉంది. వాడు అరవలేదు. నిజంగా అర్థం కాక, మా స్టాపర్‌నే అడిగాడు.

"యేమైందన్నా? అందరూ యెందుకు నిలబడినారు? నేనేమన్నా తప్పు చేసినానా?"

ఆయన వాడి దగ్గర్నుంచి తిరిగాడు. రెఫరీ దగ్గరికి నడిచాడు.

"విజిల్ ఊదినావా సార్?"

"లేదు. కానీ..."

"ఊదకపోతే ఆట ఆగలేదు. నేల అదిరిందని నేను పట్టుకోలేదు. వాడు గోలు కొడతాడని పట్టుకున్నాను. ఎరుపు ఇయ్యి."

మా కెప్టెన్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. రెఫరీకి కోపం వచ్చింది. తానిచ్చిన దారిని ఈయన కాలదన్నుకుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు. జేబులోంచి పసుపు కార్డు తీసి చూపించాడు.

"సగం గ్రౌండు ముందర ఉండాది. పక్కన మీ రైట్ బ్యాక్ ఉండాడు. రూలు ప్రకారం ఇదే. పో."

"రైట్ బ్యాక్ యాడుండాడు సార్? వాడు షాఫ్టు దగ్గర ఉండాడు. గోలీ గూడా ఆడనే ఉండాడు. అందరమూ ఆడనే ఉంటిమి. ఈ పిల్లోడొక్కడే ఆడుతుండినాడు. ఆడేవాణ్ణి పట్టుకుంటిని. దీనికి పసుపు యేం సరిపోతాది?"

"నీకి కావల్సిన కార్డు ఇచ్చేదానికి ఇదేమన్నా అంగడా? ఇంగ మాట్లాడొద్దు."

ఇన్నేళ్లు రైల్లో నేను వాదించింది ఆయన నోటినుంచే వస్తోంది. నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. ఆయన గుడ్డ ముక్కను మడిచి నడుములో దోపుకున్నాడు. తిరిగి, గ్రౌండు బయటికి నడవడం మొదలుపెట్టాడు. కెప్టెన్ పరుగెత్తి ఆయన జబ్బ పట్టుకున్నాడు.

"యాడికి పోతావన్నా? పది మందైపోతాం! కప్పు పోతాదన్నా, నీకి దండం పెడతా!"

ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. రెఫరీ వెనకనుంచి కేకేశాడు. "ఏయ్! నేను చెప్పకుండా గీత దాటితే అది ఇంగో పసుపు. తెలుసునా?"

"తెలుసు సార్. అదీ ఇయ్యి. రెండు చేరితే ఎరుపే గదా."

గట్టు మీద ఎవరో నవ్వారు. మా జట్టులో ఎవరూ నవ్వలేదు. ఆయన గీత దాటాడు. రెఫరీ రెండో పసుపు, దాని వెనకాలే ఎరుపు చూపించాల్సి వచ్చింది. అడిగి రూలు ప్రకారమే తెచ్చుకున్నాడు తన ఎర్ర కార్డు.

ఆయన బయటికి పోయి ఊరుకోలేదు. గట్టు చుట్టి నా గోలు వెనకాలకే వచ్చాడు.

"నువ్వు పోతే వాణ్ణి యెవరు ఆపేదన్నా?" అన్నాను.

"నువ్వుండావు గదా," అన్నాడు.

ఎన్ని ఏళ్లుగా ఈ మాట కోసం ఆయనతో పోట్లాడానో. తీరా అది చెవిన పడేసరికి రెండు చేతులతో గోలు స్తంభం పట్టుకున్నాను. వెనక్కి తిరిగి, వద్దన్నా, లోపలికి రా అని చెప్పాలనిపించింది. అప్పటికే విజిల్ మోగింది.

కోచ్ బ్యాగు కింద పెట్టి మళ్లీ కూర్చున్నాడు. రైలు సంగతి మరిచిపోయినట్టే ఉన్నాడు. ఫ్రీ కిక్కును మావాళ్లు ఎలాగో తప్పించారు. కాని నడుమ స్టాపర్ లేని ఆ ఖాళీ అందరికీ కనబడుతోంది. మా రైట్ బ్యాక్ అక్కడికి జరిగితే కుడివైపు ఖాళీ, ఇటు జరిగితే నడుమ ఖాళీ. వాడు అటూ ఇటూ ఊగుతుండగానే మునిరాజుకు బంతి దొరికింది. వీపు మీద రెండు ముక్కలైన చొక్కా రెపరెపలాడుతూ వాడు ఆ ఖాళీలోంచి వచ్చేశాడు. వాడికీ నాకూ మధ్య ఎవరూ లేరు.

అలా ఖాళీగా ఉన్న నేల మీంచి ఒక మనిషి నా మీదికి రావడం నేను అంతకు ముందు చూడలేదు. ఇన్నేళ్ల ఆటలో ఒక్కసారి కూడా చూడలేదు. ప్రతిసారీ ఆ వాలిన భుజం అడ్డం ఉండేది. ముందుకు పోవాలా, ఆగాలా? ముందుకే పోయాను. చేతులు చాచాను. వాడు ఎడమకు ఊగాడు. నేను ఊగలేదు. వాడు కుడికి తోసి కొట్టాడు. నేను ఒళ్లంతా విసిరేశాను. వేళ్ల కొసలకు బంతి తగిలింది. నా భుజం స్తంభానికి ఢామ్మని కొట్టుకుంది. కళ్లు చీకట్లు కమ్మాయి. బంతి వల కదిలించిన చప్పుడు మాత్రం వినబడింది.

మునిరాజుకు ఆ ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అదే ఫ్యాక్టరీలో ఉన్నాడు, కొడుకును ఇంజనీరింగ్ చదివిస్తున్నాడు. మేం కప్పు పోగొట్టుకున్నాం. మా లైన్‌లో చాలామంది ఆయనతో మాట్లాడడం మానేశారు. కొందరు చర్చిలో కూడా ముఖం తిప్పుకునేవాళ్లు. కెప్టెన్ అయితే ఆయన చనిపోయిన రోజు వరకూ క్షమించలేదు. సమాధి దగ్గరికి మాత్రం వచ్చాడు, దూరంగా నిలబడి వెళ్లిపోయాడు. ఆ ఫైనల్ తర్వాత ఆయన మళ్లీ బూట్లు కట్టలేదు. ఎందుకని నేనడిగితే బేజారు అన్నాడు, అంతే.

ఆ రోజు గోలు పడ్డాక నేను మన్నులోంచి తల ఎత్తి చూసింది వాళ్ల గంతులు కాదు. నా వెనక ఆయన కోసం చూశాను. నన్ను మొట్టమొదటిసారి నమ్మి వదిలేశాడు, నేను ఆపలేకపోయాను. వేళ్లకు తగిలింది గదన్నా, అదైనా చూసినావా అని అడగాలనుకున్నాను.

ఆయన చూడలేదు. వల వెనకాల, గ్రౌండుకు వీపు పెట్టి, బంగారం తీసేశాక పోసిన తెల్లటి సైనైడ్ మట్టి గుట్టల వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. రెండు అరచేతులూ చెవులకు గట్టిగా అదిమి పెట్టుకుని ఉన్నాడు. నేను రెండుసార్లు పిలిస్తేగాని తిరగలేదు. తిరిగాక కూడా బంతి ఎక్కడుందని చూడలేదు. వల పట్టుకుని వంగాడు. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది.

"గోలు పడిందన్నా," అన్నాను.

"అది కాదురా," అన్నాడు. వల సందుల్లోంచి చెయ్యి దూర్చి నా తల, భుజం తడుముతున్నాడు. "నీకేమీ కాలేదు గదా?"